తెల్ల చెరువు

కువైట్‌లో నేను సేటు గొర్రెల్ని మేపిన చోట
చలికాలం నాలుగు చినుకులు పడితే చాలు,
అర్ఫజ్ పొద పచ్చటి పూలు పూసేసేది.
ముళ్ల తోక ఉడుం ఒకటి బొరియలోంచి తలెత్తి
నన్ను చూసి, పర్లేదులే అనుకునేది.

ఎడారి పిసినారి, సువార్తా.
ఉన్నదంతా ఇసక కింద మూటగట్టుకుంటుంది.
సెలవులకి గుడారాలేసే కుర్రాళ్ల జీపులు
ఒక్కసారి తొక్కిన చోట మాత్రం
ఏడేళ్లయినా గడ్డి మొలవలేదు.
నేను లెక్కపెట్టాను, వేరే పనేముంది.

నిన్న మలికిపురంలో బస్సు దిగి
ఇంటికి రాకుండా ముందు మన ఎకరం దగ్గరికెళ్లాను.
రొయ్యల చెరువు లీజు అయిపోయిందిగా.
తుప్పు పట్టిన ఏరియేటర్ రెక్క ఒకటి.
అడుగంతా తెల్లగా, పెళుసుగా,
కాలు పెడితే అప్పడంలా విరుగుతోంది.
గట్టు మీద కొబ్బరిచెట్లకి మొవ్వుల్లేవు.
పక్కనే కాలవ, నిండా నీళ్లతో,
తనకేం సంబంధం లేనట్టు పోతోంది.

చిటికెడు తీసి నాలిక మీద వేసుకున్నా.
ఉప్పు.
అక్కడ గొర్రెలు నాకడానికి
దీన్ని డబ్బులిచ్చి కొనేవాళ్లం.

చీకటి పడేదాకా బొరియ కోసం వెతికాను.
నువ్వు ఫోన్ చేస్తూనే ఉన్నావు.