ఐదుకి ఎన్ని

నీలం చొక్కా కుర్రాడు బల్ల చివర కూర్చున్నాడు.
లిలాంగ్వే నుంచి వచ్చాడట, రాత్రంతా బస్సులో.
మోకాలి మీద అట్ట, అట్ట మీద కాగితం.
"అమ్మా, ఈ ఆస్పత్రి సేవలకి
ఐదుకి ఎన్ని మార్కులేస్తారు?"

నేను సరస్సు ఒడ్డున చేపలెండేసుకునేదాన్ని నాయనా.
ఉసిపా చేపల్ని డబ్బాతో కొలిచి అమ్ముతాను.
డబ్బా నిండిందో వెలితిగా ఉందో
చీకట్లో కూడా చెప్పగలను.
దీన్ని దేంతో కొలవమంటావు?

తెల్లవారకముందే నా కోడలు తియామికేని
సైకిల్ వెనక సీటు మీద కూర్చోబెట్టి
ఇరవై కిలోమీటర్లు తోసుకొచ్చాం.
సంచిలో వీళ్ళు తెమ్మన్నవన్నీ ఉన్నాయి:
ప్లాస్టిక్ షీటు, కొత్త బ్లేడు, కొవ్వొత్తి,
బొడ్డుకి కట్టే దారం, మూడు చితెంజి గుడ్డలు.
గోడలూ కప్పూ తప్ప
తక్కిన ఆస్పత్రంతా మేమే మోసుకొచ్చాం.

"ఇంత ఆలస్యంగానా! ముసలమ్మా, నీకు బుద్ధుందా?"
అంది నర్సు లుసుంగు, అందరి ముందూ.
లుసుంగు అంటే మా మాటల్లో దయ.
పేరు పెట్టినవాళ్ళు ఆమె నోరు వినలేదు.
నాకు యాభై నాలుగు. ముసలమ్మనా?
దానికొక మార్కు తగ్గించుకో.

ఎంతసేపు ఆగారని అడుగుతున్నావు.
గోడకి గడియారం ఉంది, అదీ ఆగే ఉంది.
పంపు నీడ వంటపాక దాకా జరిగేంతసేపు.
పాకలో రోగికొకరం, జావ కాచుకుంటూ,
లోపలి కేకలు ఎవరివో పొగలోంచి పోల్చుకుంటూ.
"అది నా కూతురు" అంది ఒకావిడ.
"కాదు, నా కోడలు" అన్నాను.
ఇద్దరం నిజమే చెప్పాం.

బిడ్డ పుట్టింది. ఏడవలేదు.

ఇక్కడ రాయడం ఆపి విను.
ఆక్సిజన్ యంత్రం ఒక్కటే, దానికి రెండు గొట్టాలు.
మా పిల్లకొకటి, పక్క మంచం పిల్లాడికొకటి.
రాత్రి తొమ్మిదికి కరెంటు పోయింది.
జనరేటర్ ఉంది. డీజిల్ లేదు.
డీజిల్ ఎటు పోయిందో ఊరందరికీ తెలుసు,
నీ కాగితంలో ఆ గడి లేదు.

లుసుంగు చిన్న టార్చిని పళ్ళతో కరిచిపట్టి
రబ్బరు సంచి నొక్కడం మొదలెట్టింది.
రెండో పిల్లాడి కోసం
నేల తుడిచే ఫైసన్ని చేత్తో పిలిచి,
అతని వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి నేర్పింది.
నొక్కు, వదులు.
నొక్కు, వదులు.
నోట్లో టార్చి ఉండబట్టి
ఆ రాత్రి ఎవర్నీ తిట్టలేకపోయింది.

కోళ్ళు కూసే వేళకి కరెంటొచ్చింది.
మాది బతికింది.
ఫైసన్ చేతిలోది బతకలేదు.
అతను తప్పు నొక్కలేదు నాయనా, నేను చూశాను.
తుడుపుకర్ర పక్కన చతికిలపడి
తన చేతుల్ని ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు.
తర్వాత లేచాడు,
వార్డు కడగాలిగా.

లుసుంగు మా వైపే ఎందుకొచ్చింది?
మా మంచం తలుపుకి దగ్గర. అంతే.
ఆ "అంతే" దగ్గరే నాకు నిద్ర తెగిపోతోంది.
పక్క మంచం వాళ్ళమ్మ గుడ్డ ఒకటి
నా గిన్నెల్లో కలిసి ఉండిపోయింది.
ఉతికి ఆరేశాను. ఆవిడ ఏ ఊరో అడగలేదు.

కుర్రాడు చాలాసేపు పెన్ను కొరుకుతూ కూర్చున్నాడు.
"ఏదో ఒక అంకె వెయ్యాలమ్మా" అన్నాడు మెల్లగా.
వేసుకో అన్నాను.
మూడు వేశాడు.
మూడంటే నడిమిదట, ఎవరికీ కోపం రాదట.

లేవబోతుంటే, ఆ పెన్ను ఇటివ్వు అన్నాను.
వార్డు పుస్తకంలో మొన్నట్నుంచీ
గోరంత పెన్సిల్ ముక్కతో రాస్తున్నారు,
చెయ్యి తగిలితే చెరిగిపోయేలా.
మా పిల్ల బరువూ అందులోనే ఉంది.
కింది వరసలో పేరు లేదు,
"మగ, రెండు కిలోల వంద" అని మాత్రం.

సాయంత్రానికి ఆ పెన్ను
లుసుంగు చెవి మీద ఉంది.
గుమ్మంలో నొప్పులతో వంగిపోయిన ఎవరి మీదో
ఆస్పత్రి అదిరేలా అరుస్తోంది:
"ఇంత ఆలస్యంగానా!"
అరుస్తూనే ఆ పిల్ల నడుం పట్టుకుంది.