గోడ లేని కోట

కోట అన్నారు కదా అని
బురుజు కోసం వెతికాను, అగడ్త కోసం,
ఏనుగులు కుమ్మినా కదలని తలుపు కోసం.
కాన్సస్ గడ్డి మోకాళ్ల దాకా.
గాలికి అడ్డంగా ఏదీ నిలబడి లేదు.

"దీనికి గోడ ఎప్పుడూ లేదు," అంది వెర్లా స్టకీ,
ఎనభై దాటిన మనిషి, నడుముకి తాళాల గుత్తి.
"అరవై ఎనిమిది కట్టడాలు, నడుమ కవాతు మైదానం, జెండాకొయ్య.
గోడ ఖర్చుకి పైనుంచి అనుమతి రాలేదు."

అరవై ఎనిమిదిలో మిగిలినవి నాలుగు.
రొట్టెల బట్టీ ఎవరిదో ట్రాక్టరు షెడ్డు,
పొయ్యి నోట్లో గ్రీజు డబ్బాలు.
ఆఫీసరు ఇంట్లో పళ్ల డాక్టరు.
మందుగుండు కొట్టులో చర్చివాళ్ల మడత కుర్చీలు.
తక్కినదంతా వేలంలో పోయింది:
సిపాయిలు పడుకున్న నేలచెక్కలు ఊరి డాన్సు హాలుకి,
కిటికీలు కోళ్లగూళ్లకి.
ఆసుపత్రి తలుపు ఏ గడప చేరిందో తెలీదు.

సమాధుల్ని కూడా తవ్వి రైలెక్కించారు.
బాణం తగిలి పోయినవాడు ఒక్కడు,
కలరాతో నలభై ముగ్గురు.
బట్టలుతికే బ్రిజిడ్ టూమీ బిడ్డ ఆ లెక్కలో లేదు.
ఇక్కడే ఎక్కడో ఉంది.
ఈ మలుపులో వెర్లా బండి ఆపదు.

"దాడి జరిగిందా ఎప్పుడైనా?"
"ఇరవై మూడేళ్లు కాచుకున్నారు. ఎవరూ రాలేదు."
వచ్చింది షయెన్ ఆడవాళ్లు,
ఖాళీ డబ్బాలతో, గోధుమపిండికి,
అడవిదున్నలు తొక్కి చేసిన దారినే, దున్నలు లేకుండా.
పిండిలో పురుగుందని పద్దులో ఉంది.
ఎంత కొలిచారో ఆ గడి ఖాళీ.

ఆఖరిది కాపలా గది. ఇసుకరాయి, సున్నం.
తాపీమేస్త్రీ కూతుర్ని, చెయ్యి ఊరుకోదు,
రాళ్ల అతుకులు తడిమాను.
ఒకచోట బొటనవేలి గుంట,
తడి సున్నంలో ఎవడో నొక్కి వదిలేసింది.
నా వేలు పట్టలేదు. కుర్రాడై ఉంటాడు.

లోపల గోడనిండా ఖైదీల చెక్కుళ్లు.
ఆగస్ట్ క్రాల్, ఒహాయో, తాగినందుకు పదిరోజులు.
ఒక తెరచాప ఓడ, ఈ గడ్డిలో.
వాటన్నిటికీ చాలా కింద,
కూలబడిన మనిషి చెయ్యి అందేచోట
ఒక గుర్రం.
జీను లేదు, రౌతు లేడు, పేరు రాయలేదు.
నాలుగు కాళ్లూ నేలకి ఆనకుండా ఉన్నాయి.

"ఇదెవరు?" అన్నాను.
వెర్లా టార్చి ఆర్పేసింది.
"మబ్బు పట్టింది, పద."

బయటికొచ్చి తాళం వేసింది,
రెండు చేతులూ పెట్టి, చాలాసేపు తిప్పి.
కోట మొత్తానికి గట్టి తలుపు ఇదొక్కటేనట.
గొళ్లెం బయటి వైపే ఉంది.