ఆగిపోయే ఎత్తు

డబ్బా మీద రెండే అంకెలు.
గంటకు పద్నాలుగు వందల లీటర్లు.
ఎత్తు రెండు మీటర్లు.
రెండూ ఒకేసారి నిజమనుకున్నాను.

తిరుపతి రైల్వే స్టేషన్ వెనక మా లాడ్జి.
రిసెప్షన్‌లో నాలుగడుగుల గాజు తొట్టి,
యజమాని ముచ్చట.
బల్ల కింద అరలో వడపోత తొట్టి, అందులో పంపు,
అక్కణ్ణించి సన్నటి పైపు, నాలుగు మలుపులు,
అయిదున్నర అడుగుల మీద దాని మూతి.

స్విచ్ వేశాను. పంపు మూలిగింది.
నీళ్ళు మూతి దాకా వచ్చి నిలబడ్డాయి,
అర్ధరాత్రి గది అడగడానికి
మొహమాటపడే యాత్రికుడిలా.
ఒక బొట్టు. చాలాసేపటికి ఇంకో బొట్టు.
తెల్లారేసరికి ఏంజెల్ చేపలన్నీ పైకొచ్చి
గాలి కోసం నోళ్ళు తెరుస్తున్నాయి.

కొర్లగుంట నుంచి చెంగల్రాయులు వచ్చాడు.
స్కూటర్ ముందు బకెట్,
జేబులో పట్టీ తెగిన చేతి గడియారం.
చేపల దుకాణం అతనిది,
అయినా నేనమ్మేది నీళ్ళు, చేపలు కొసరు అంటాడు.
"పంపు చెడిపోయింది" అన్నాను.
"పంపు బాగానే ఉండాది సామీ.
నువ్వు చదివిందే బాగలేదు."

బకెట్ పది లీటర్లది.
పైపు మూతి కింది నీళ్ళ మట్టానికి పెట్టాడు:
ముప్పై సెకన్లు.
మూడడుగులకు ఎత్తాడు: నిమిషం.
అయిదున్నరకు ఎత్తి, మలుపులన్నీ మళ్ళీ తగిలించి,
టీ చెప్పమన్నాడు.
టీ వచ్చింది. తాగాం.
కుర్రాడు గ్లాసులు తీసుకుపోయాడు.
బకెట్ అడుగు ఇంకా సరిగ్గా మునగలేదు.

"రెండు మీటర్లంటే నీళ్ళెక్కే ఎత్తనుకున్నావు.
కాదు సామీ, ఆగిపోయే ఎత్తు.
ఆడ గంటకు సున్నా.
పద్నాలుగు వందలంటావా,
అది ఎక్కే పనే లేని చోట.
అలిపిరి కాడ నిలబడి చూడు,
గుంపు ఎంత జోరుగా పోతాదో.
మోకాళ్ళ మిట్ట కాడ చూడు.
జనం వాళ్ళే, కాళ్ళూ వాళ్ళవే."

డబ్బా తిప్పి చూపించాడు.
వెనక, ధర చీటీ పక్కన, గోరంత బొమ్మ:
ఎడమ పక్క పైన మొదలై
కుడి కిందికి జారిపోయే ఒక గీత.
కొన్న రోజు నుంచీ అక్కడే ఉంది.

"కొలిచేది పంపు కాణ్ణించి కాదు,
కింద నీళ్ళ మట్టం నుంచి పైన మూతి దాకా.
ఒక్కో మలుపూ ఇంకొంచెం ఎత్తే,
టేపుకి దొరకదు, అంతే."

నేనేమీ అనలేదు.
ఇక్కడ చేరిన రోజు
పగలైనా రాత్రైనా చేస్తాను సార్ అన్నాను,
అది నా డబ్బా మీది అంకె.
లిఫ్ట్ చెడిన బ్రహ్మోత్సవాల్లో
నాలుగో అంతస్తుకి తొమ్మిది రోజులు పెట్టెలు మోశాక
యజమాని అడిగాడు,
"మొదట్లో చురుగ్గా ఉండేవాడివే, మునిశేఖరూ?"
చూపడానికి నా దగ్గర గీత లేకపోయింది.

పెద్ద పంపు కొనడానికి యజమాని ఒప్పుకోలేదు.
మేడ మీద మిగిలిన సిమెంటు దిమ్మెలు తెచ్చి
కింది తొట్టిని జానెడు పైకి లేపాం.
రెండు మలుపులు కోసేశాం.
సన్న పైపు తీసి లావుది వేశాం.
మళ్ళీ బకెట్, మళ్ళీ గడియారం:
నిమిషం మీద పద్దెనిమిది సెకన్లు.

నీళ్ళు పడుతున్న చప్పుడు.
చేపలు ఒక్కొక్కటే కిందికి దిగాయి.

చెంగల్రాయులు నా చెవి మీది పెన్ను లాక్కుని
డబ్బా మీద పద్నాలుగు వందల కింద రాశాడు:
ఈడ నాలుగొందల అరవై.
ఆ డబ్బా నేను పారేయలేదు,
తాళాల సొరుగులో ఉంది.

రాత్రి రెండింటికి గుండ్లతో ఒక కుటుంబం వచ్చింది.
ముసలాయన, ఇద్దరు ఆడవాళ్ళు, నిద్రలో ఒక పిల్ల.
గది ఉందా అన్నారు.
ఉంది, ఎనిమిది వందలు అన్నాను.
అని,
"నాలుగో అంతస్తు. లిఫ్ట్ లేదు.
మెట్లు డెబ్బై రెండు, మలుపులు ఎనిమిది"
అని కూడా చెప్పాను.