ఉన్నది ఉన్నట్టుగా

మొదటివాడు ధర వినగానే
కాఫీ చల్లారిపోయిందన్నాడు.
నలభై వేల ఇంటికి కమిషనెంతో
నా ముందే వేళ్ళ మీద లెక్కేసి
ఆ వేళ్ళు జేబులో పెట్టుకున్నాడు.
రెండో ఆవిడది పెద్ద నవ్వు.
"గవర్నమెంటు ఇల్లా? దానికి మాకొక నంబరుండాలి,
వాళ్ళ జాబితాలో మా ఆఫీసు పేరుండాలి.
ఉండేది. పోయినేడాది రెన్యూ చెయ్యలేదు."
మూడోవాడు ఇప్పటిదాకా ఫోనెత్తలేదు.

టొలీడోలో జనవరి.
నేను స్కూలు బస్సు నడుపుతాను.
తెల్లవారుజామున ఇంజను వేడెక్కేలోగా
ఒక చేత్తో అద్దం మీది మంచు గీకుతూ
ఇంకో చేత్తో ఏజెంట్లను వెతికాను.

ఆ ఇల్లు నా రూట్లోనే ఉంది.
నాలుగేళ్ళు దాని ముందు బస్సాపాను.
ఎర్ర టోపీ పిల్లాడొకడు ఎక్కేవాడు,
మెట్టు మెట్టుకీ తన షూ లేసు తనే తొక్కుకుంటూ.
ఒక సోమవారం ఎక్కలేదు.
మంగళవారం హారన్ కొట్టి చూశాను.
బుధవారానికి కిటికీ మీద కాగితం అతికించి ఉంది.
వాళ్ళు కట్టలేకపోయిన అప్పు
హామీ ఉన్న పాపానికి ప్రభుత్వం మెడకు పడింది.

వాండా ప్రుచ్నిక్ ఆఫీసు
సైలెన్సర్లు మార్చే షెడ్డుకి ఆనుకుని ఉంటుంది.
గోడ అదురుతూనే ఉంటుంది. ఆవిడ
సుత్తి దెబ్బల మధ్య ఖాళీల్లో మాట్లాడుతుంది.
"నంబరుంది. ఓపిక కూడా ఉంది.
నువ్వు తేవాల్సింది బ్యాంకు ఉత్తరం,
ఐదొందల డాలర్ల చెక్కు,
ఏడాదైనా అందులోనే ఉంటానని సంతకం.
కొని అద్దెకిచ్చే కంపెనీలని మొదట్లో రానివ్వరు.
ఆ కాస్త సందులోనే నువ్వు దూరాలి."
తర్వాత అడిగింది, "ఆ ఇల్లే ఎందుకు?"
చెప్పాను. అప్పుడే సుత్తి పడింది.
ఆవిడ మళ్ళీ అడగలేదు.

తలుపు పిడికి వేలాడే ఇనుప పెట్టె,
దాని కడుపులో తాళంచెవి.
బయటికంటే లోపలే చలి.
పైపుల్లో నీళ్ళు తోడేసి
టాయిలెట్లో గులాబీ రంగు మందు పోశారు.
గడ్డకట్టకుండా అలా మెరుస్తోంది,
ఇల్లు మొత్తంలో రంగున్నది అదొక్కటే.
వంటగట్టు మీద సంతకాల కాగితం,
నాకంటే ముందు పదకొండు మంది.
వాండా టార్చి తిప్పుతూ
పాఠం అప్పజెప్పినట్టు చదివింది:
కప్పులో చెమ్మ, బేస్‌మెంట్లో బూజు,
ఫర్నేసు ఉండాల్సిన చోట నాలుగు బోల్టులు.
"ఏదీ బాగుచేసివ్వరు. ఉన్నది ఉన్నట్టుగా కొనాలి.
వాళ్ళు ఇల్లమ్ముతారు, సంజాయిషీ అమ్మరు."

గుమ్మం చెక్క మీద పెన్సిలు గీతలు.
ఒక్కో గీత పక్కన ఒక్కో తారీఖు,
అన్నిటి కిందా ఒకటే పేరు: టెవిన్.
చివరి గీత నా మోచేతిదాకా వచ్చి ఆగింది.
నాలుగేళ్ళూ వాడి పేరు నేనడగలేదు,
గుడ్ మార్నింగ్‌తో సరిపోయేది.
"రంగేస్తే పోతాయి" అంది వాండా.
అని, టార్చి తనే పక్కకి తిప్పేసింది.

బిడ్డు వేసేటప్పుడు గుండ్రటి అంకె వద్దంది.
"అందరూ నలభై ఒక్క వేల దగ్గర ఆగుతారు.
నువ్వు పైన చిల్లర పెట్టు. చిల్లరే గెలుస్తుంది."
నలభై ఒక్క వేల ఆరొందల నలభై మూడు అన్నాను.
ఎక్కడిదా లెక్క, అన్నట్టు చూసింది.
ఆరూ నలభై మూడు
ఆ ఇంటి ముందు నా బస్సాగాల్సిన టైము.
అది మాత్రం చెప్పలేదు. టైప్ చేసేసింది.

మర్నాడు ఫోనొచ్చేసరికి
బస్సు డిపోలో ఉంది.
సీట్ల కింద దొరికిన చేతితొడుగులు
అట్టపెట్టెలో వేస్తున్నాను.
ఎప్పుడూ ఒకటే దొరుకుతుంది, జత దొరకదు.
"డెల్ఫీన్" అంది వాండా,
వెనక సుత్తి మొదలైంది.
దెబ్బకీ దెబ్బకీ మధ్య పట్టేంత చిన్న మాటే
ఆవిడ చెప్పాల్సింది.
ఫోను భుజానికి నొక్కిపట్టి నేను
అందులో లేదని తెలిసిన ఎర్ర టోపీ కోసం
పెట్టె అడుగుదాకా వెతుకుతున్నాను.