తుపాకీ లేని చోట

సున్నా పాయింట్ సున్నా తొమ్మిది మూడు.
లియెపాయాలో అది నా ఇంటిపేరైపోయింది.

తుపాకీ పేలాక
సెకనులో పదో వంతు గడవకముందే
పాదం కదిలితే దొంగతనమట.
నేను దొంగిలించింది
వెయ్యో వంతులు ఏడు.
జడ్జి ఎర్ర కార్డు ఎత్తాడు,
మిగతా ఏడుగురూ మళ్ళీ బ్లాకుల్లో కూర్చున్నారు.
వాళ్ళ పరుగు నేను చూడలేదు.
సొరంగంలో గోడకి వీపు ఆనించి
చప్పుడు మాత్రం విన్నాను:
ఒక తుపాకీ,
ఆ తర్వాత పదకొండున్నర సెకన్ల జనం.

ఆ చలికాలం బేకరీలో రాత్రిపని.
షాజీరా చల్లిన నల్లరొట్టెల వాసన
జుట్టులోంచి పోయేది కాదు.
తాలివాల్డిస్ అక్కడికే వచ్చాడు,
మంచు అంటిన టోపీతో, రొట్టె కొనే నెపంతో.
మొహం చూడలేదు.
పిండి బస్తా ఎత్తుతుంటే నా తొడలు చూశాడు,
గుర్రాల సంతలో బేరగాడిలా.
"సిగుల్డాలో ఒక బండి ఉంది విజ్మా,
తోసే మనిషి కావాలి."
"పరుగు మానేశాను" అన్నాను.
"అక్కడ తుపాకీ ఉండదు" అన్నాడు
చిల్లర లెక్కపెట్టుకుంటూ, రొట్టె ధర చెప్పినట్టు.
"పచ్చదీపం వెలుగుతుంది. నిమిషం టైముంటుంది.
తోచినప్పుడు కదులు."

పదేళ్ళు కడుపు మాడ్చి కట్టుకున్న ఒళ్ళు.
అరకిలో పెరిగితే పాత కోచ్ మాటలు తగ్గేవి.
ఇక్కడ తిను, ఇంకా తిను.
పందికొవ్వులో వేగిన బఠాణీలు
రెండో కంచం, మూడో కంచం.
మా పైలట్ ఔస్మా
ఇంజన్లో నూనె పోసినవాడి తృప్తితో
నా కంచం వంక చూసి తలూపుతుంది.
పదకొండు కిలోలు!
పాత జీన్సు తమ్ముడి కుక్కకి పరుపైంది.
అద్దంలో ఈ భుజాలెవరివో
కొన్నాళ్ళు పోల్చుకోలేకపోయాను.
బూట్లూ మారాయి: అప్పుడు కొద్దిపాటి మేకులు,
ఇప్పుడు అరికాలి నిండా సన్నటి సూదులు.
ట్రాకుకి నేను తెలుసు.
మంచుకి తెలియదు,
అడుగడుక్కీ కుట్టి చెప్పాలి.

నూట డెబ్భై కిలోల ఇనుము.
మొదటి అడుగు కొండని నెట్టినట్టు,
ఐదో అడుగుకి కొండే పారిపోతున్నట్టు.
దాని వెంట పడి, గెంతి, కూలబడి
మోకాళ్ళ మధ్య తల దూర్చాలి.
బతుకంతా తెల్లగీత మీదే కన్నుపెట్టి ఉరికినదాన్ని,
ఇప్పుడు నా బూటు లేసులు చూసుకుంటూ
గంటకి నూట ఇరవై కిలోమీటర్లు.

మలుపుల్ని ఒళ్ళే లెక్కపెడుతుంది.
మూడోది మెడమీద చెయ్యి వేస్తుంది.
ఆరోది పక్కటెముకల్ని పేరుపెట్టి పిలుస్తుంది.
తొమ్మిదోది నెత్తిన ఒక ఇల్లు పెట్టి,
ఇల్లు దించి, పొమ్మంటుంది.
ఆ పైన ఎక్కడో లెక్క జారింది.
పదహారూ అయిపోయాయనుకుని
బ్రేకు లాగాను.

పన్నెండే.

కింద ఆగాక
హెల్మెట్ తియ్యడానికి భయమేసింది.
ఎర్ర కార్డు ఏ జేబులోంచి వస్తుందో అని.
ఔస్మా ఒక్కసారి వెనక్కి తిరిగి
"ముందే కదిలావ్" అంది, నవ్వింది,
ముక్కు తుడుచుకుంది. "పద, ట్రక్కు వచ్చింది."

పైకి వెళ్తూ చూశాను.
మంచుపని ఇందులిస్
తిట్లు గొణుక్కుంటూ పన్నెండో మలుపులో వంగున్నాడు.
నా బ్రేకు పళ్ళు దున్నిన చాలులో
నీళ్ళు కలిపిన మంచుముద్ద కూరి
అరచేత్తో సాపు చేస్తున్నాడు,
గోడ మెత్తే మనిషిలా.
మళ్ళీ నా వంతు వచ్చేసరికి
నా తప్పు గట్టిపడి దారిలో కలిసిపోయింది.

పచ్చదీపం.
ఔస్మా పిడి పట్టుకుంది. నేనూ పట్టుకున్నాను.
పరిగెత్తి తాగే పాల సంగతి తెలుసు,
నిలబడి తాగే నీళ్ళు ఇప్పుడే రుచి చూస్తున్నాను.
గౌయా లోయలోంచి ఎక్కడో కాకి అరిచింది.
పది సెకన్లు. పదిహేను.
చెవులింకా అలవాటుగా
ఆ పేలుడు కోసం రిక్కించుకునే ఉన్నాయి.
ఎవరూ పేల్చలేదు.

ఇరవై ఆరో సెకనులో
నేనే అన్నాను: "ఊఁ."