కుడి జేబు

కొర్లగుంటలో, మా స్టూడియో బీరువా మీద
మూత లేని పాత కంప్యూటరు.
రాత్రి రెండుకు స్క్రిప్టు లేస్తాది,
పెండ్లి ఫొటోలన్నీ రెండో డిస్కుకు మోస్తాది,
పొద్దునకు లాగ్‌లో ‘అయింది’ అని రాసిపెట్టి పడుకుంటాది.
పదకొండు నెలలు ఆ ఒక్క మాట నమ్మినా.

మొన్న గాలివానకు కరెంటు పోయొచ్చి
మొదటి డిస్కు టిక్కు టిక్కుమనింది.
రెండోది చూస్తే నున్నగా ఖాళీ.
అసలది మౌంటే కాలేదంట.
కుడి జేబులోది తీసి
కుడి జేబులోనే పెట్టుకుంటా ఉన్నా, ఇన్నాళ్లూ.

మూడోసారికి లేచింది. బతికిపోయినా.

ఇప్పుడు స్క్రిప్టులో మొదటి వరస:
డిస్కు లేకుంటే ఆగిపో, నన్ను లేపు.
శనివారం శనివారం
ఒక ఫొటో వెనక్కి తెచ్చి చూస్తా.
ఈసారి చంద్రగిరి పెండ్లి,
పంక్తిలో ఎవరో పెద్దాయన,
కండ్లు మూసుకొని, నోట్లో సగం వడ.

తెరుచుకునింది.