ఇంటర్వెల్ దాకా

టంగుటూరు పొగాకు కంపెనీలో
ఆకుకి ఆరు రకాలు, సినిమాలకి రెండే:
రాహేలమ్మ చెప్పినవి, చెప్పనివి.

సోమవారం పొద్దున
గోతాం పట్ట మీద బాసింపట్టు వేసుకుని
ఘాటుకి ఒక తుమ్ము తుమ్మి, ముక్కు తుడుచుకుని
"వాన. ఒకటే వాన" అని మొదలెట్టేది.
బయట రోళ్ళు పగిలే ఎండ.
రేకుల కింద నలభై మందిమి తడిసేవాళ్ళం.
నేను అమ్మ పక్కన తుక్కు ఏరే పిల్లని.

గుర్రం ఆమే, గుర్రం మీదోడూ ఆమే.
జమీందారు చిన్నకోడలు మేడ మెట్లు దిగుతుంటే
చేతిలో ఆకు చేతిలోనే ఉండిపోయేది.
మేస్త్రీ చెంచయ్య కేకలేస్తూ వచ్చి
తలుపు వారన నిలబడిపోయేవాడు.
పాలల్లో ఏం కలిపారో తేలందే కదిలేవాడు కాదు.
మొదటి రకంలో మూడో రకం కలిసి
బేళ్ళు గుంటూరు పోయాయంటే
ఆ పాలల్లో కలిపిన విషం వల్లే.

ఒకసారి పిచ్చమ్మ
పనిగట్టుకుని ఒంగోలు పోయి అదే సినిమా చూసొచ్చింది.
"ఏందక్కా, నువ్వు జెప్పిందేంది, వాడు జూపించిందేంది?
కోడలు సచ్చిపోయిందిగా. పాడె కూడా జూపించారు."
రాహేలమ్మ ఆకుని వెలుతురుకి పెట్టి చూస్తూ
"ఒంగోల్లో రీళ్ళు కోసేస్తారే" అంది.
నమ్మాం.

అసలు సంగతి ఏళ్ళ తర్వాత తెలిసింది.
మొదటాట ఆరున్నరకి.
కారుమంచి ఆఖరి బస్సు ఎనిమిదింబావుకి.
తెర మీద 'విశ్రాంతి' పడగానే
గోలీసోడాల గోలలోంచి
చెప్పులు చేతబట్టుకుని పరిగెత్తేది.
ఒక్క సినిమాకీ 'శుభం' చూసిన మనిషి కాదు.

మిగతాదంతా ఆ బస్సులో
కిటికీ పక్కన, చీకట్లో కట్టిందే.
అందుకే కాబోలు ఆమె సినిమాల్లో ఎవరూ చచ్చేవాళ్ళు కాదు,
ఎక్కడో ఒకచోట దిగేవాళ్ళు.
చిన్నకోడలు సింగరాయకొండ స్టేషన్ బయట దిగి
ఇడ్లీల బండి పెట్టింది.
కారప్పొడి కోసం రైలు దిగి వచ్చేవారంట జనం.
తిరనాళ్ళలో తప్పిపోయిన కవలలు కలుసుకోనే లేదు,
కానీ ఒకడికి జ్వరమొస్తే రెండోవాడికి నోరు చేదయ్యేది.
విలన్‌కి ఉలవపాడులో మామిడితోట కౌలుకి దొరికింది.
కాయ దిగే కాలంలో
చెడ్డ పనులకి తీరికేదే, అనేది.

కంపెనీ మూతబడింది.
టాకీసు ఎరువుల గోడౌనయింది, ఆ పైన కల్యాణమండపం.
ఫోను కొన్నాక నేను పాతవన్నీ వెతుక్కుని చూశాను,
రెండో సగాలతో సహా.
పిచ్చమ్మ అన్నది నిజమే. పాడె ఉంది.
పూలు మాత్రం కాగితం పూలు.

మొన్న కారుమంచి వెళ్ళాను.
రాహేలమ్మ కళ్ళల్లో శుక్లాలు.
ఆపరేషన్ చేయించుకోరాదా అంటే
"చూడాల్సిన సగం చూశాగా" అంది.
కాసేపాగి అడిగింది:
"సింగరాయకొండలో ఆ బండి ఉందా ఇంకా?"
నోటిదాకా వచ్చింది పాడె.
"ఉంది" అన్నాను. "కూతురు చూసుకుంటోంది.
గ్యాసు స్టవ్ పెట్టింది."
"ఆ పిల్లకి చేతివాటం వస్తుందిలే" అంది.

మనవరాలు కెజియ
ఫోన్లో కొత్త సినిమా పెట్టి పక్కన కూచుని చెబుతోంది:
"తలుపు తన్నాడు నాయనమ్మా. లోపల ముప్ఫై మంది.
అందరి చేతుల్లో కత్తులే.
గాల్లోకి టీ గ్లాసు లేచింది, మెల్లిగా, మెల్లిగా, పగిలింది."
"టీలో చక్కెర ఉందా?"
"అది చూపించలేదు."
"చూపించాలి గదా."

రక్తం, పొగ, ఒక జీపు తిరగబడింది,
వాడు మాత్రం కళ్ళజోడు సర్దుకున్నాడు.
తెర మీద అక్షరాలు పడ్డాయి.
కెజియ చెప్పకముందే
ముసలామె చెయ్యెత్తింది:
"ఆపు. బస్సుకి టైమయింది."

కెజియ ఫోను బోర్లించింది.
వేపచెట్టు మీద కాకి ఒకటి అటునుంచి ఇటు మారింది.
రాహేలమ్మ ముక్కు తుడుచుకుంది,
ఎక్కడా ఆకు ఘాటు లేకపోయినా.
"వాడు ఎనక్కొచ్చాడు" అంది.
"రాకేం జేస్తాడు? టీకొట్టు వాడికి
గ్లాసు డబ్బులివ్వాలి గదా."

"ఎంతిచ్చాడు?" అంది కెజియ.